తాళం వేసిన బడిలో తడి మట్టి

తాళం పడి మూడు వారాలైన బడిలో ఎవరో తిరుగుతున్నారు.

వంజిరు బడి వెనక గోడ పక్కనున్న సిమెంటు దిమ్మ ఎక్కి, మునివేళ్ల మీద లేచి ఇంకోసారి చూసింది. సందేహం లేదు. ఎండి బీటలు వారాల్సిన మళ్లు నల్లగా తడిసి ఉన్నాయి. టమాట వరుసల మధ్య చెప్పుల్లేని అడుగులు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెళ్లి, తిరిగి గోడ వైపు వచ్చాయి. అడుగుల అంచులు ఇంకా విరగలేదు. అంటే ఈ ఉదయానివే.

"ఏం కనిపిస్తుంది?" కింద నిలబడ్డ అఖిల అడిగింది.

"పచ్చగుంది."

"మజాక్ చెయ్యకు. కరెంటు లేదు, మోటరు గదికి తాళం. పచ్చగెట్లుంటది?"

"ఎక్కి చూడు."

అఖిల ఎక్కి చూసింది. నోరు తెరిచి మూసింది. ఇద్దరూ రాయదుర్గంలోని ఒకే ఆఫీసులో ఒకే వరుసలో కూర్చుంటారు. వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్ ఎక్కడ చెడుతుందో వెతకడం వాళ్ల ఉద్యోగం. ఇక్కడ చెడాల్సింది చెడలేదు. అదే అర్థం కావడం లేదు.

వంజిరుది కెన్యా. న్యేరి దగ్గర కొండ ఊరు. అక్కడ ప్రతి బడికీ ఒక చేను ఉంటుంది. పొద్దున్న ఆలస్యంగా వచ్చినవాళ్లు నీళ్లు మొయ్యాలి. వంజిరు చదువుకున్నన్నాళ్లూ నీళ్లు మోసింది. హైదరాబాదుకు పద్దెనిమిది నెలల కాంట్రాక్టు మీద వచ్చిన మొదటి నెలలోనే కంపెనీ నలభై మందిని బస్సులో ఈ సర్కారు బడికి తీసుకొచ్చింది. అందరూ తలా ఒక మొక్క నాటి ఫోటోలు దిగారు. మరుసటి శనివారం ఆ నలభై మందిలో ఒక్క వంజిరే మళ్లీ వచ్చింది. ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చింది.

బడి వెనక అర ఎకరం. చుట్టూ అద్దాల భవనాలు, మధ్యలో వంకాయ, బీర, పాలకూర, నాటు టమాట. బయాలజీ చెప్పే మహేందర్ సారు ఐదేళ్ల కింద రాళ్లు ఏరించి మొదలుపెట్టిన తోట అది. తోటలో అడుగుపెట్టే ముందు చెప్పులు విడవాలన్నది ఆయన మొదటి పాఠం. వంజిరుకు తెలుగు మాత్రం ఆయన దగ్గర రాలేదు. మధ్యాహ్న భోజనం వండే ఎల్లమ్మ దగ్గర వచ్చింది. అందుకే ఆమె నోట "జర ఆగు", "ఏంది కథ" అన్న మాటలు వింటే ఆఫీసులో విజయవాడ వాళ్లు నవ్వుతారు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బొగ్గు ఆగింది, బడులు మూతపడ్డాయి. తెలంగాణ వచ్చేదాకా ఈ గేటు దాటనని మహేందర్ సారే పిల్లల ముందు ప్రమాణం చేసి, తన చేత్తోనే తాళం వేశాడు. బంద్ రోజులకు బదులుగా ఆఫీసు శని ఆదివారాలు పని చేయించుకుంది. వంజిరుకు మూడు శనివారాలు పోయాయి. దసరా అయిన రెండో రోజున సెలవు దొరికితే, ఎండిన తోటను చూడటానికే మనసు గట్టి చేసుకుని నడిచి వచ్చింది.

తోట బతికే ఉంది. ఆ సంతోషంలో ఆమె ఒక తప్పు చేసింది.

ఇద్దరూ నేరుగా చౌరస్తాకు వెళ్లారు. అక్కడ సమ్మె టెంటు. నూట యాభై మంది దాకా ఉన్నారు. ఒక పక్కన రిలే దీక్షలో కూర్చున్నవాళ్లు, ఇంకో పక్కన రోడ్డు మీదే మూడు రాళ్ల పొయ్యిలు. ఎల్లమ్మ ఇప్పుడు అక్కడ వండుతోంది. కరెంటు స్తంభానికి ఏడో తరగతి నల్లబల్ల ఆనించి ఉంది. దాని మీద సుద్దముక్కతో 'ద్రోహులు' అని, కింద ఒకే పేరు. దొంగచాటుగా ఆఫీసుకు పోయి సంతకం పెట్టి వచ్చిన గుమాస్తా పేరు అది. నాలుగు రోజులు అతనికి చౌరస్తాలో ఎవరూ చాయ్ పొయ్యలేదని ఆ తర్వాత తెలిసింది.

దీక్ష చాప మీద మహేందర్ సారు కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. వంజిరును చూడగానే మొహం విప్పారింది కానీ ఎప్పటిలా లేచి ఎదురు రాలేదు. మెడలో గులాబీ కండువా. సమ్మె మొదటి రోజు మోకాళ్ల దాకా వేలాడిన కండువా ఇప్పుడు ఛాతీ కూడా దాటడం లేదు. ఉతికితే కుంచించుకుపోయిందేమో అనుకుంది వంజిరు. ఆయన పక్కన గోనె సంచి, నిండా ఖాళీ నీళ్ల సీసాలు.

"వచ్చినవా అమ్మా. మంచిగున్నవా?"

"సారూ, తోట సావలేదు!" అంది వంజిరు. అఖిల చెయ్యి పట్టుకుని గుంజేలోపే రెండో మాట కూడా వచ్చేసింది. "ఎవరో రోజు నీళ్లు పోస్తున్నరు. మస్తుగుంది."

టెంటులో మోగుతున్న డప్పు ఆగింది. ఎల్లమ్మ చేతిలో గరిటె ఆగింది.

"ఏం చేసినవే," అఖిల గొంతు తగ్గించి అంది. "సమ్మెల బడి లోపల పని జరుగుతుందని నూరు మంది ముంగట చెప్పినవ్."

టెంటు ముందు వరుస నుంచి మొగిలి లేచాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఆటో నడుపుతాడు, సమ్మెకు అది కూడా ఆపాడు. ఇదే బడిలో పదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి మహేందర్ సారు ఇంట్లో కూర్చోబెట్టి చెబితే గట్టెక్కాడు. సమ్మె కమిటీలో సారు తర్వాత మాట ఇతనిదే.

"తాళం చెవి ఎవరి దగ్గరుంది సార్?"

సారు పక్కనున్న గోనె సంచిని వెనక్కి జరిపాడు. అందరికీ తెలుసు. వాచ్‌మన్ నర్సయ్య దగ్గర. నర్సయ్య ఎల్లమ్మ మొగుడు. గేటు పక్కన, గోడకు బయటివైపున్న ఒక్క గదిలో పదకొండేళ్లుగా ఇద్దరూ కాపురం ఉంటున్నారు. తాళం చెవి ఎవరి చేతిలో ఉంటే గది వాళ్లది.

నర్సయ్య టెంటు వెనక నుంచి వచ్చాడు. అక్కడ కట్టెలు కొడుతున్నాడు.

"నేను తియ్యలే," అన్నాడు. "తాళం వేసిన నాటి సంది గేటు దిక్కు సూడలే."

"మరి నీళ్లు ఆకాశం నుంచి పడ్డయా? గోడ దుంకి మరీ కూరగాయలకు నీళ్లు పోసే దొంగ ఎవడుంటడే నర్సన్నా? పోసి, కోసి, అపార్ట్‌మెంట్లల్ల అమ్ముకుంటున్నవ్."

"మొగిలీ, నోరు జర కాచుకో," అంది ఎల్లమ్మ. "మూడు వారాల సంది నా చేతి కూడే తింటున్నవ్."

"కూడు వేరు, కట్టుబాటు వేరు అక్కా. పోయి చూద్దాం. నిజమైతే పొద్దుగూకేలోపు తాళం చెవి కమిటీకి ఇయ్యాలె, గది ఖాళీ చెయ్యాలె. పేరు బల్ల మీదికెక్కుతది."

వంజిరు ఒక్క సంతోషపు మాటతో ఒక ముసలి జంటకు నీడ లేకుండా చేసింది. ఇప్పుడు పొద్దుగూకేలోపు అసలు మనిషి దొరకాలి.

ఇరవై మంది బడి ముందుకు వచ్చారు. మొగిలి ఆటోను తోసుకుంటూ సారును అందులో కూర్చోబెట్టి తెచ్చారు. మోకాలు నొప్పని ఆయనే అన్నాడు. నర్సయ్య తాళం తీశాడు. గేటు బార్లా తెరుచుకుంది.

ఎవరూ కదల్లేదు.

"పోరాదుండ్రి," అన్నాడు నర్సయ్య.

"ఎట్ల పోతం? సమ్మె గద," అన్నాడు మొగిలి. "అడుగు పెడితే మేం గూడ తప్పినట్టే."

లోపలికి పోకపోతే విచారణ లేదు. పోతే విచారణ చేసేవాడు కూడా బల్లకెక్కుతాడు. కాసేపు అందరూ చెప్పులతో గీత గీసినట్టు గేటు అంచునే నిలబడ్డారు. చివరికి అఖిల నోరు విప్పింది.

"వంజిరుకు సమ్మె లేదు గదా. ఆమె మన సర్కారు ఉద్యోగి గాదు, మన జిల్లా గాదు, మన దేశమే గాదు."

మొగిలి ఆలోచించాడు. "నువ్వు?"

"నాది జనగామ. మా నాయిన ఎమ్మార్వో ఆఫీసుల సమ్మెల ఉన్నడు. లోపలికి పోతే ఇంట్ల బువ్వ పెట్టడు."

అలా వంజిరు ఒక్కతే దర్యాప్తు అధికారి అయింది. మిగతా వాళ్లంతా చుట్టూ తిరిగి వెనక గోడ దగ్గరికి వెళ్లి, ఇటుకలు పేర్చుకుని నిలబడ్డారు. ఆమె చెప్పులు విడిచి తోటలోకి వచ్చేసరికి గోడ మీద ఇరవై తలలు వరుసగా ఉన్నాయి. ఆటో మీదికి ఎక్కించడంతో మహేందర్ సారు తల అన్నిటికంటే ఎత్తుగా ఉంది.

"ఏమున్నదో గట్టిగ చెప్పు మేడం," మొగిలి అరిచాడు.

ఆఫీసులో చేసినట్టే చేసింది. ఒక్కొక్కటి చూసి, చూసింది మాత్రమే చెప్పడం.

"పాలకూర కోసిండ్రు. పీకలేదు. భూమికి రెండు వేళ్లు వదిలి కోసిండ్రు. మళ్లీ చిగురు వచ్చింది."

గోడ మీద గుసగుసలు. ఇది అమ్ముకునే దొంగ కోత కాదని రైతు బిడ్డలందరికీ తెలుసు.

"టమాట పండ్లు కోసిండ్రు. తొడిమతో సహా. పచ్చివి ఉంచిండ్రు."

"నాటు టమాటలా?" ఎల్లమ్మ అడిగింది. "నొక్కులు నొక్కులుగ, పుల్లగుండేవి?"

"అవే."

"అయ్యో నా బిడ్డా. రోజు పొద్దుగాల టెంటు గుంజ కాడ సంచి పెట్టి ఉంటున్నది. ఎవలో దాత అనుకుని వండుతున్న." ఎల్లమ్మ పక్కకు తిరిగింది. "మొగిలీ, నిన్న మూడుసార్లు ఏయించుకున్నవ్ గద పప్పు. గా దొంగ సొమ్మే."

ఎవరో నవ్వారు. మొగిలి నవ్వలేదు. "ఎవడు తిన్నా పని పనే. నీళ్ల సంగతి చెప్పు."

వంజిరు వంగింది. ప్రతి మొక్క మొదట్లో, ఆకుల చాటున ఒక నీళ్ల సీసా, తలకిందులుగా మట్టిలో గుచ్చి ఉంది. మూతకు సూదితో పొడిచిన బెజ్జం. బొట్టు బొట్టుగా మట్టి తాగుతోంది. వందల సీసాలు. టెంటులో తాగి పడేసిన సీసాలు. దీక్ష చాప పక్కన గోనె సంచి గుర్తుకొచ్చి, "సీసాలతో పోసిండ్రు" అని మాత్రమే అంది.

తర్వాత బీర పందిరి కిందికి వెళ్లి చూసింది. గాలికి పడిపోయిన తీగలను లేపి కర్రలకు కట్టారు. కట్టింది తాడుతో కాదు. అంగుళం వెడల్పున చింపిన గులాబీ గుడ్డతో. ఒక్కో ముడి ఎనిమిది అంకెలా తిరిగి ఉంది, కాడ పెరిగినా ఒరుసుకోకుండా. ఒకటి, రెండు, పది, ముప్పై ముడులు.

ఆమె తలెత్తి గోడ వైపు చూసింది. ఇరవై మెడల్లో ఇరవై గులాబీ కండువాలు. పంతొమ్మిది నిండుగా ఉన్నాయి. ఒకటి మాత్రం సగం కూడా లేదు.

మహేందర్ సారు ఆమె కళ్లలోకి చూశాడు. చూసి, చూపు దించుకున్నాడు.

గేటుకు తాళం వేసినవాడు ఆయన. ప్రమాణం చేసినవాడు ఆయన. బల్ల మీదున్న పేరు కూడా ఆయన చేతి రాతే. ఈ మాట ఆమె నోటి నుంచి వస్తే ఇన్నేళ్ల సారు ఒక్క నిమిషంలో ఏమైపోతాడు? రాకపోతే నర్సయ్య సామాను రోడ్డు మీదికి వస్తుంది. పొద్దున ఒక మాట తొందరపడి అనేసింది. రెండోసారి తొందరపడదలుచుకోలేదు.

"గులాబీ గుడ్డ పీలికలతో తీగలు కట్టిండ్రు," అంది. "అందరి దగ్గర ఉండే గుడ్డే. కానీ ముడి వేరే ఉంది. నర్సయ్య తాతా, నీ తువ్వాల ఈ కొమ్మకు కట్టు."

నర్సయ్య గోడ మీది నుంచి వేప కొమ్మకు తువ్వాల చుట్టి గట్టిగా బిగించాడు. బర్రెను కట్టేసే ముడి. పది మంది లాగినా రాదు.

"చూసిండ్రా? ఈ ముడి వేస్తే తీగ చచ్చిపోతది. లోపల ఉన్నది ఎనిమిది అంకె ముడి. తాతకు రాదు."

"ముడి వస్తలేదని మనిషి మంచోడైతడా?" అన్నాడు మొగిలి. కానీ గొంతులో ముందున్నంత బలం లేదు. "ఇంకోని చేత కట్టియ్యొచ్చు. తాళం చెవి ఆయన దగ్గరే ఉండె. ఇంకెవరన్న దొరికేదాక గాయనే జవాబుదారి. కమిటీ మాట ఒక్కటే ఉంటది."

నర్సయ్య మొలతాడుకున్న తాళం చెవి విప్పి గోడ మీద పెట్టాడు. ఇనుము ఇటుకకు తగిలిన చప్పుడు అందరికీ వినిపించింది.

"ఎల్లీ," అన్నాడు. "గిన్నెలు సర్దు. బాలానగర్ల మీ అన్న ఇంటికి పోదాం. నడిస్తే చీకటి పడకముందే చేరుతం."

ఎల్లమ్మ కొంగు నడుముకు దోపింది. గది వైపు నాలుగడుగులు వేసింది.

"ఆగు ఎల్లమ్మా."

మహేందర్ సారు ఆటో మీది నుంచి దిగుతున్నాడు. ఎవరో పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు. మోకాలు మడత పడక, గోడ పట్టుకుని నిలబడ్డాడు. మెడలో మిగిలిన కండువా ముక్కను విప్పి, తాళం చెవి పక్కన పరిచాడు. చిరిగిన అంచు అందరికీ కనబడేలా పరిచాడు.

"మొగిలీ, నేనేరా. ఇంకెవ్వరు లేరు, నేనొక్కన్నే. గేటు దాటనని ప్రమాణం చేసిన. దాటలే. గోడ దుంకిన. గిది తెలివి అని నేను అంటలే, పదో తరగతిల నువ్వు గిసొంటి జవాబు రాస్తె సున్న పెడుదును. సమ్మె మొదలైన మూడో రోజు టెంట్ల కూసుంటే మీరంత నినాదాలిస్తున్నరు, నాకు ఎండ ఎంత కొడుతున్నదో గదే కనిపిస్తున్నది. ఈ ఎండకు బీర తీగ నాలుగు రోజులు ఆగది. నిలవడ్డ పాఠాలు ఆదివారాలు చెప్పి పూర్తి చేస్త, పిల్లలు అర్థం చేసుకుంటరు. మొక్కకు సమ్మె గురించి ఎట్ల చెప్పాలె? నాకు రాలే. ఆ మరునాడు తెల్లారక ముందు సీసాలు ఎత్తుకుని గోడ ఎక్కిన. రోజు దుంకి దుంకి మోకాలు పోయింది. సారు కూసునే ఉపన్యాసం ఇస్తుండు, దీక్షకు నీరసపడ్డడని మీరు నాకు గ్లూకోజు తాపిచ్చిండ్రు. సిగ్గుతోటి తాగిన. కోసినయి పారెయ్య బుద్ధిగాక టెంటు కాడ పెట్టిన. పొద్దున వంజిరమ్మ వచ్చి తోట బతికింది సారూ అంటే, నేను చెయ్యని పాపమోలె కూసున్న. నర్సయ్య దిక్కు నువ్వు వేలు చూపిచ్చినప్పుడన్న లేవాల్సింది. లేవలే. నీళ్లు పోసింది నా తప్పు గాదు మొగిలీ, గా లేవకపోవుడు నా తప్పు. నర్సన్నా, తాళం చెవి తీసుకో, నీ గదికి పో. ఎల్లమ్మా, పొయ్యి మీద పప్పు మాడుతున్నదేమో చూడు. చౌరస్తకు పోదాం, ఆ బల్ల మీద నా పేరు నేనే రాస్త, సుద్దముక్క ఇయ్యి. నాలుగు రోజులు నాకు చాయ్ పొయ్యకుండ్రి, ఒప్పుకుంట. కని ఒక్క మాట. ఈ మోకాలుతోటి రేపు నేను గోడ దుంకలేను. వంజిరమ్మకు సమ్మె లేదు గని ఆమెకు ఆఫీసున్నది. రేపు పొద్దుగాల సీసాలు నింపేటోడు ఎవడో, నా పేరు కింద వాని పేరు గూడ ఇప్పుడే రాసిపెడుదాం. ఏం మొగిలీ, నీది రాయనా?"